కరువు వేళ కల్పతరువు.. బుడ్డా వెంగళరెడ్డి

ఆళ్లగడ్డ : రేనాటి సీమలో దాతృత్వం అనగానే పెద్దల నోట ముందుగా వినిపించే పేరు బుడ్డా వెంగళరెడ్డి. ఆళ్లగడ్డ నియోజకవర్గంలోని ఉయ్యాలవాడ ఆయన స్వగ్రామం. ఆంగ్లేయులపై తిరుగుబాటు జెండా ఎగురవేసి 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిదీ ఆ ఊరే. ఒకరు పౌరుషానికి, మరొకరు దానగుణానికి ప్రతీకలుగా నిలిచారు. అందుకే వీరిద్దరినీ రేనాటి సూర్యచంద్రులుగా ఈ ప్రాంత ప్రజలు కొనియాడుతారు.

గింజ దొరకని కాలం

వెంగళరెడ్డి వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. కుందూ నది ఒడ్డున నల్లరేగడి భూములు, ధాన్యపు పాతర్లు గల సంపన్న గృహమది. 1866లో వర్షాలు మొహం చాటేయడంతో ఈ ప్రాంతాన్ని భయంకరమైన కరువు కమ్ముకుంది. పొలాలు బీళ్లుగా మారాయి. కూలి పనులు నిలిచిపోయాయి. విత్తనాలకు దాచుకున్న గింజలు సైతం అయిపోయి, పశువులను అయినకాడికి అమ్ముకుని జనం ఊళ్లు వదిలారు.

బయటి నుంచి ధాన్యం తెచ్చుకునే దారీ అంతంతమాత్రమే. ఆనాటికి రేనాటి పల్లెలకు రైలు లేదు, ఎడ్లబండ్లే దిక్కు. కర్నూలు-కడప కాలువ తవ్వకం ఇంకా పూర్తి కాలేదు. కరువు వచ్చినప్పుడు ప్రభుత్వం చేయవలసిన పనులను నిర్దేశించే నిబంధనావళి కూడా అప్పటికి లేదు. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక తరువాతే అది రూపుదిద్దుకుంది. అంటే ఆకలిగొన్నవారికి ఇరుగుపొరుగు వారి దయే ఆధారం.

పాతర్లు తెరిచిన చేయి

ధాన్యం ధర ఆకాశాన్నంటిన ఆ రోజుల్లో నిల్వలున్నవారికి అది లాభాల పంట. వెంగళరెడ్డి మాత్రం అమ్మకానికి పోలేదు. పాతర్లు తెరిపించి ఉయ్యాలవాడలో గంజి కాయించారు. కులమతాల ఊసు లేకుండా వచ్చినవారందరికీ పోయించారు. ఈ వార్త విని చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తండోపతండాలుగా తరలివచ్చారు. నిత్యం వేలాది మంది కడుపు నింపుకొని ప్రాణాలు నిలబెట్టుకున్నారు.

అంతమందికి అన్నం పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ధాన్యం దంచేవారు, నీళ్లు మోసేవారు, కట్టెలు కొట్టేవారు, పెద్ద పెద్ద గంగాళాల వద్ద తెల్లవారుజాము నుంచే నిలబడేవారు ఎందరో కావాలి. వారి పేర్లు చరిత్రకెక్కలేదు. అయినా దాత పాతరలోని గింజ ఆకలిగొన్నవాని దోసిట్లో గంజిగా మారింది ఆ చేతుల వల్లనే. వెంగళరెడ్డి కీర్తిలో వారికీ భాగముంది.

రాణి మెప్పు.. పల్లె పాట

వెంగళరెడ్డి సేవలు సముద్రాలు దాటి బ్రిటిష్ పాలకుల చెవిన పడ్డాయి. విక్టోరియా మహారాణి ఆయనకు బంగారు పతకం పంపి గౌరవించారు. నరసింహారెడ్డిని ఉరితీసిన ఆంగ్లేయులే, రెండు దశాబ్దాలు గడవకముందే అదే ఊరి రైతును సత్కరించడం విశేషం.

కరువు తీరినా ఆయన దానం ఆగలేదు. పెళ్లిళ్లకు, చదువులకు, ఆపదలకు చేయి చాచిన వారిని రిక్తహస్తాలతో పంపలేదని పెద్దలు చెబుతారు. దూరప్రాంతాల పండితులు, కవులు ఉయ్యాలవాడకు దారి వెతుక్కుంటూ వచ్చేవారు. 1900 డిసెంబర్ 31న వెంగళరెడ్డి కన్నుమూశారు.

ఆయన పేరును తరాల వెంట నడిపించింది మాత్రం జానపదులే. వెంగళరెడ్డి ధర్మగుణాన్ని కీర్తించే పదాలు రేనాటి పల్లెల్లో విస్తృతంగా వినిపించేవి. ఆచార్య తంగిరాల వెంకటసుబ్బారావు ఈ ఇద్దరి గాథలను రేనాటి సూర్యచంద్రులు పేరిట గ్రంథస్థం చేశారు.

రావలసిన గుర్తింపు

నరసింహారెడ్డి జీవితం 2019లో చలనచిత్రంగా దేశమంతటికీ చేరింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఆ గౌరవం సముచితమే. చంద్రుని కథ మాత్రం అంత దూరం వెళ్లలేదు. పాటలు పాడే వృద్ధుల తరం తరిగిపోతున్న వేళ, ఆ గాథ నేటి విద్యార్థులకు అందకుంటే మరుగున పడే ప్రమాదముంది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ప్రకృతి విపత్తుల వేళ అన్నదానానికి ముందుకొచ్చే ప్రతి యువకునికీ వెంగళరెడ్డి జీవితం తెలియవలసి ఉంది. ఉన్ననాడు పాతర మూసుకోక, లేనివారి కోసం తెరవడమే ఆయన నేర్పిన పాఠం.