ఛార్లెస్ డాటర్

ఛార్లెస్ థియోడార్ డాటర్ (1920 జూన్ 14 - 1985 ఫిబ్రవరి 15) అమెరికాకు చెందిన రేడియాలజీ వైద్యుడు. పూడుకుపోయిన కాలి ధమనిని శస్త్రచికిత్స లేకుండా, సన్నని గొట్టంతో లోపలినుండే వెడల్పు చేసే యాంజియోప్లాస్టీ పద్ధతికి ఆద్యుడు.

విద్య, ఉద్యోగము

డాటర్ బోస్టన్ నగరంలో జన్మించాడు. 1944లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. 1952లో, 32 ఏళ్ళ వయసులోనే, పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో రేడియాలజీ శాఖాధిపతి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు.

కాలి ధమని చికిత్స

ఆ కాలంలో రక్తనాళాలను చూడాలంటే ధమనిలోకి క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్-రేలో కనబడే ద్రవాన్ని ఎక్కించి చిత్రాలు తీసేవారు. 1963లో ఒక రోగికి ఇలా చిత్రాలు తీస్తుండగా, క్యాథెటర్ పూడిపోయిన కటి ధమని గుండా అనుకోకుండా సాగి దారి తెరిచింది. చూడటానికి వాడే సాధనమే చికిత్సకూ పనికివస్తుందని డాటర్ గ్రహించాడు.

1964 జనవరి 16న ఆ ఆలోచన పరీక్షకు నిలిచింది. 82 ఏళ్ళ వృద్ధురాలి ఎడమ పాదం మానని పుండుతో, కుళ్ళిన వేళ్ళతో ఉంది. కాలు తీసివేయక తప్పదన్నా ఆమె ఒప్పుకొనలేదు. తొడ ధమని ఒకచోట మాత్రమే ఇరుకైనదని చిత్రాలలో తేలింది. డాటర్ ఆ ఇరుకు గుండా మొదట తీగను, దానిమీదుగా ఒకదానికంటె ఒకటి లావైన టెఫ్లాన్ గొట్టాలను పంపాడు. కొద్దిసేపటికే పాదం వెచ్చబడింది. వారంలో నొప్పి పోయింది, క్రమంగా పుండు మానింది. ఆమె మరో రెండేళ్ళకు పైగా జీవించింది. కాలు తీసివేయవలసిన అవసరం రాలేదు.

వ్యతిరేకత, ఆదరణ

మెల్విన్ జడ్కిన్స్‌తో కలిసి డాటర్ ఈ ఫలితాలను అదే సంవత్సరం సర్క్యులేషన్ పత్రికలో ప్రచురించాడు. అమెరికా శస్త్రవైద్యులు చాలామంది నమ్మలేదు. చిత్రం మాత్రమే తీయాలనీ, బాగుచేయబోవద్దనీ చీటీ మీద రాసి ఒకరు రోగిని పంపిన ఉదంతం ప్రసిద్ధము. వారి సంశయం పూర్తిగా నిరాధారమూ కాదు: లావైన గొట్టానికి ధమనిలో పెద్ద రంధ్రం కావలసివచ్చేది, రాపిడికి పూడిక ముక్కలు ఊడి కొట్టుకుపోయే ప్రమాదమూ ఉండేది. ఐరోపాలో మాత్రం ఈ పద్ధతి డాటరింగ్ అన్న పేరుతోనే వ్యాపించింది. అక్కడే ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గొట్టానికి బుడగ అమర్చి, 1974లో కాలి ధమనికీ, 1977లో జ్యూరిచ్‌లో గుండె ధమనికీ వాడాడు. ఆ తరువాతనే అమెరికాలో ఈ చికిత్సకు ఆదరణ పెరిగింది.

నేడు ఎం.ఆర్. యాంజియోగ్రఫీ ద్వారా ధమనిలోకి గొట్టం పంపకుండానే కాళ్ళ రక్తనాళాలను చూడవచ్చు. అయితే ఇరుకును లోపలినుండి తెరవడానికి క్యాథెటర్ ఇప్పటికీ అవసరమే.

చివరి సంవత్సరములు

డాటర్ పర్వతారోహకుడు కూడా. హాడ్జ్‌కిన్స్ వ్యాధి సోకిన తరువాత కూడా శిఖరాలు ఎక్కడం మానలేదు. 1978లో నోబెల్ బహుమతికి ప్రతిపాదించబడినా అది ఆయనకు దక్కలేదు. పోర్ట్‌లాండ్‌లో ఆయన పేరిట 1990లో ఒక వైద్య సంస్థ ఏర్పడింది.