ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్

ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ (ఫిబ్రవరి 15, 1762 – జూన్ 15, 1829) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త, జంతుశాస్త్రవేత్త, భూగోళ పరిశీలకుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇరవై ఏండ్లకు పైగా భారతదేశంలో పనిచేసాడు. మన చెరువులలో పెరిగే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలను శాస్త్రలోకానికి మొదట వర్ణించి పేర్లు పెట్టినవాడు ఈయనే. ఈ మూడింటినీ కలిపి నేడు భారతీయ ప్రధాన కార్పు జాతులు అంటారు. గోదావరి పులస చేపకు శాస్త్రీయ నామం ఇచ్చినది కూడా ఈయనే. 1800 సంవత్సరంలో మద్రాసు నుండి మైసూరు రాజ్యానికి ప్రయాణిస్తూ నేటి చిత్తూరు జిల్లాలోని వెంకటగిరి కోట (వి.కోట) మీదుగా వెళ్ళాడు.

పేరు విషయము

ఈయన అసలు పేరు ఫ్రాన్సిస్ బుకానన్. తల్లి వైపు ఆస్తి సంక్రమించిన తరువాత, 1818 ప్రాంతంలో, ఆమె పుట్టింటి పేరైన హామిల్టన్‌ను స్వీకరించాడు. అందువలన 1807లో వచ్చిన యాత్రా గ్రంథంపై బుకానన్ అనీ, 1822లో వచ్చిన చేపల గ్రంథంపై హామిల్టన్ అనీ ఉన్నది. చేపల శాస్త్రనామాల చివర హామిల్టన్ అనీ, మొక్కల శాస్త్రనామాల చివర బుకానన్ హామిల్టన్ అనే పేరును కుదించీ వ్రాస్తారు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని తెలియక విద్యార్థులు తరచు తికమకపడుతూ ఉంటారు.

బాల్యము, విద్యాభ్యాసము

బుకానన్ స్కాట్లాండులోని పెర్త్‌షైర్ ప్రాంతంలో, కాలండర్ పట్టణం వద్ద జన్మించాడు. తండ్రి థామస్ బుకానన్ వైద్యుడు. తల్లి ఎలిజబెత్ హామిల్టన్. బుకానన్ చిన్న కుమారుడైనందున కుటుంబ ఆస్తి తనకు దక్కే ఆశ లేక, తండ్రి వృత్తినే ఎంచుకొన్నాడు. 1779లో గ్లాస్గో విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ., 1783లో ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టం పొందాడు. ఎడింబరోలో జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. ఆంధ్ర ప్రాంతంలోని సామర్లకోటలో పనిచేసి తరువాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతియైన విలియం రాక్స్‌బర్గ్ కూడా హోప్ శిష్యుడే.

చదువు ముగిసిన తరువాత ఆసియాకు వచ్చే ఓడలలో వైద్యుడుగా కొంతకాలం పనిచేసాడు. 1794లో కంపెనీవారి బెంగాల్ వైద్య సేవలో చేరాడు.

ఉద్యోగ జీవితము

1795లో కెప్టెన్ సైమ్స్ రాయబార బృందంతో బర్మాలోని ఆవా రాజ్యానికి వెళ్ళి అక్కడి మొక్కలను పరిశీలించాడు. తిరిగి వచ్చిన తరువాత తూర్పు బెంగాల్‌లోని లక్ష్మీపూర్‌లో నియమితుడైనాడు. చుట్టూ నదులు, కాలువలు, కుంటలు ఉన్న ఆ ప్రదేశంలోనే చేపల అధ్యయనం ప్రారంభించాడు. జాలరులు పట్టి తెచ్చిన చేపలను చూచి, వాటి రెక్కల ముళ్ళను, పొలుసులను లెక్కించి, స్థానికంగా వాడే పేరును వ్రాసుకొనుట ఈయన పద్ధతి. 1798లో చిట్టగాంగ్ ప్రాంతాన్ని, 1800–1801లో మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాలను, 1802–1803లో నేపాల్‌ను పరిశీలించాడు. తరువాత గవర్నర్ జనరల్ వెల్లస్లీకి వైద్యుడుగా ఉండి, కలకత్తా సమీపంలోని బారక్‌పూర్‌లో జంతుశాల ఏర్పాటును పర్యవేక్షించాడు.

1807 నుండి 1814 వరకు దినాజ్‌పూర్, రంగపూర్, పూర్ణియా, భాగల్పూర్, పాట్నా, షాబాద్, గోరఖ్‌పూర్ జిల్లాలలో విస్తృతమైన సర్వే జరిపాడు. భూములు, పంటలు, చేతివృత్తులు, జనుల ఆచారాలతో పాటు చేపలు, వాటిని పట్టే విధానాలు కూడా ఈ సర్వేలో చేరినవి. 1814లో రాక్స్‌బర్గ్ తరువాత కలకత్తా వృక్షోద్యాన అధిపతి అయ్యాడు. ఆరోగ్యం క్షీణించినందున 1815లోనే స్వదేశానికి వెళ్ళిపోయాడు.

చిత్తూరు ప్రాంతము మీదుగా

1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాత, మైసూరు రాజ్యపు వ్యవసాయం, పరిశ్రమలు, వాణిజ్యం గురించి తెలుసుకొనుటకు వెల్లస్లీ ఈయనను నియమించాడు. 1800 ఏప్రిల్ 23న మద్రాసు నుండి బయలుదేరాడు. కాంచీపురం, ఆర్కాటు, వేలూరు, సాత్‌గఢ్ దాటి, కనుమ ఎక్కి, నాయకనేరి, వెంకటగిరి కోటల మీదుగా బేతమంగళం, అటునుండి బెంగుళూరు చేరాడు. చిత్తూరు జిల్లా 1911లో మాత్రమే ఏర్పడినది గనుక ఆనాటికి ఆ పేరుతో జిల్లా లేదు. యాత్ర 1801 జూలైలో ముగిసినది. ఆ వివరాలు 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. చెరువుల క్రింది సేద్యం, రాగి పంట, నేతపని వంటి విషయాలకు దక్షిణ భారత చరిత్రకారులు నేటికీ ఈ గ్రంథాన్ని ఆశ్రయిస్తారు.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు గంగ మొదలు గోదావరి, కృష్ణల వరకు గల పెద్ద నదులలోనివి. కృష్ణకు దక్షిణాన అవి సహజంగా లేవు. కనుక బుకానన్ నడిచిన దారిలోని చెరువులలో ఆనాడు కొరమీను, జెల్ల, పరక వంటివే ఉండేవి. ఆయన పేరు పెట్టిన చేపలు ఈ సీమకు చేరుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది.

చేపల గ్రంథము

1822లో ఎడింబరోలో ప్రచురితమైన ఈ గ్రంథం గంగానదిలోను, దాని ఉపనదులు, పాయలలోను ఉండే చేపల వర్ణన. అంతవరకు శాస్త్రానికి తెలియని జాతులు ఇందులో వందకు పైగా ఉన్నవి. మన దేశపు మంచినీటి చేపల అధ్యయనానికి ఇది పునాది గ్రంథం. దీనికి ముందు 1803లో పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలపై గ్రంథం వెలువడినది. అయితే అందులోనివి ఎక్కువగా సముద్రపు చేపలు.

హామిల్టన్ చాలా జాతులకు లాటిను భాషలో క్రొత్త మాట కల్పించక, జాలరుల నోటి మాటనే జాతి నామంగా స్థిరపరచాడు. బెంగాలీల కాత్లా 'కట్ల' అయినది. రుయి లేక రోహిత 'రోహిత' అయినది. మృగేల్ 'మృగల' అయినది. రోహితము అనునది సంస్కృతంలో ఎర్రని ఛాయగల చేపకు ప్రాచీనమైన పేరు. ఇలిష్ అనే మాట నుండి వచ్చిన 'ఇలిష' నామమే మన గోదావరి పులసకు శాస్త్రనామంలో నిలిచియున్నది. నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడే జీబ్రా చేపను 'రెరియో' అనే పేరుతో మొదట వర్ణించినది కూడా ఈ గ్రంథమే.

హామిల్టన్ ఈ మూడు కార్పులను సిప్రినస్ అనే ప్రజాతిలో చేర్చాడు. తరువాతివారు శీలావతిని లేబియో లోను, ఎర్రమోసును సిర్రైనస్ లోను, బొచ్చెను కట్ల అనే ప్రత్యేక ప్రజాతిలోను చేర్చారు. బొచ్చెను కూడా లేబియోలోనే చేర్చవలెనని ఇటీవలి శాస్త్రజ్ఞులలో కొందరి అభిప్రాయం. ప్రజాతులు మారినా హామిల్టన్ పెట్టిన జాతి నామాలలో చాలావరకు మారలేదు.

చిత్రాల వివాదము

ఈ గ్రంథానికి తీరని లోటు ఒకటి ఉన్నది. హామిల్టన్ తాను వర్ణించిన చేపల నమూనాలను భద్రపరచలేదు. వాటికి బదులుగా హలుదార్ అనే బెంగాలీ చిత్రకారుని చేత రంగుల చిత్రాలు వ్రాయించాడు. 1815లో స్వదేశానికి వెళ్ళునపుడు ఆ చిత్రాలను వెంట తీసుకొనిపోదలచగా, గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ అవి కంపెనీ సొత్తు అని నిర్ణయించి కలకత్తా వృక్షోద్యానంలో ఉంచివేసాడు. దానితో 1822 నాటి గ్రంథం 39 చిత్రపటాలతో మాత్రమే వెలువడినది. మిగిలిన చేపలకు మాటలే ఆధారమైనాయి.

ఫలితం ఏమనగా, ఫలానా పేరు ఏ చేపకు చెందునన్న సందేహం అనేక జాతుల విషయంలో శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించినది. 1830 దశకంలో జాన్ ఎడ్వర్డ్ గ్రే ప్రచురించిన భారత జంతుచిత్రాలలో కొన్ని ఈ చిత్రాల నకళ్ళే అయినా, వాటికి మూలం హామిల్టన్ అని చెప్పలేదు. 1839లో జాన్ మెక్‌క్లెలాండ్ కలకత్తాలో అసలు చిత్రాలను గుర్తించి, కార్పు కుటుంబంపై తాను వ్రాసిన గ్రంథంలో కొన్నింటిని హామిల్టన్ పేరుతోనే ప్రచురించాడు. 1929లో భారతీయ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా ఈ చిత్రాలను పరిశీలించి, హామిల్టన్ చేపలను గుర్తించుటకు సహాయకారియైన రచనను వెలువరించాడు. ఎర్రమోసు విషయంలో అభిప్రాయభేదం నేటికీ ఉన్నది. 1795లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తరంగంబాడి నుండి వచ్చిన చేపకు పెట్టిన 'సిర్రోసస్' అనే పేరే దీనికి వర్తిస్తుందని కొందరు, రెండూ వేరు జాతులని కొందరు అంటారు.

బెంగాల్ సర్వే నివేదికలకు కూడా ఇదే గతి పట్టినది. 1838లో మాంట్‌గొమరీ మార్టిన్ వాటిని సంక్షిప్తపరచి తన పేరుతో మూడు సంపుటాలుగా ప్రచురించాడు. ముఖపత్రంపై బుకానన్ పేరు లేదు. ఇక హలుదార్ గురించి అతని పేరు, అతని చిత్రాలు తప్ప చరిత్రలో దాదాపు ఏమియు మిగలలేదు. హామిల్టన్ తన శ్రమకు తగిన గుర్తింపు పొందలేదని బాధపడే చరిత్రకారులు, ఈ చిత్రకారుని కూడా ఆ లెక్కలో చేర్చుట న్యాయం.

ఈ మూడు చేపల తరువాతి చరిత్ర

ఈ కార్పులు నిలువనీటిలో పెరుగుతాయి గాని గుడ్లు పెట్టవు. వానాకాలపు వరదలో, పారే నదిలోనే గుడ్లు పెడతాయి. కనుక పూర్వం పిల్లలను నదుల నుండి పట్టి తెచ్చేవారు. అట్లా తెచ్చినవాటిలో పనికిరాని జాతుల పిల్లలు, ఇతర చేపలను తినే జాతుల పిల్లలు కూడా కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి, చేప మెదడు క్రింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్పులచే గుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైనారు. ఆనాటి నుండి ఏ నదీ లేని ఊరిలో కూడా మేలైన పిల్లలు దొరుకుటకు వీలు కలిగినది. ఆ జ్ఞాపకార్థం జూలై 10ని జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుతున్నారు.

ఈ మూడింటిని కలిపి పెంచుటకు కారణం వాటి ఆహారపు అలవాటు. బొచ్చె నీటి పైపొరలో సూక్ష్మజీవులను, శీలావతి నడుమ పొరలో మొక్కల సంబంధమైన ఆహారాన్ని, ఎర్రమోసు అడుగున కుళ్ళిన పదార్థాన్ని తింటాయి. కనుక ఒకదాని మేతకు ఒకటి పోటీ రాదు. బంగారుతీగ అనే సాధారణ కార్పు మాత్రం హామిల్టన్ జాతులలోనిది కాదు. అది విదేశాల నుండి వచ్చినది. దానికి 1758లో లిన్నేయస్ పేరు పెట్టాడు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఏడాది పొడవునా పారే నది లేదు. స్వర్ణముఖి, పాలారు వంటివి వానలకు మాత్రమే పారుతాయి. ఇక్కడి చెరువులు ముఖ్యంగా ఈశాన్య ఋతుపవనాలకు నిండి, వేసవికి ఎండుతాయి. నీరు కొన్ని మాసాలే ఉంటుంది గనుక, మరీ చిన్న పిల్లలను వదిలితే అవి అమ్మకానికి తగిన బరువు రాకముందే చెరువు ఎండిపోతుంది. పైగా కొరమీను, వాలుగ వంటివి వాటిని తినివేస్తాయి. అందుచేత వేలెడు పొడవు మించిన పిల్లలను వదలుట మేలు. పెద్ద చెరువులలో వలలతోను, విసురు వలతోను చేపలు పడతారు. నీరు మోకాటి లోతుకు దిగిన తరువాత ఊతలతో కూడా పట్టుట ఉన్నది. వేసవిలో చెరువు ఎండే దినాలలో ఊరంతా గట్టు మీద చేరుట ఈ ప్రాంతంలో పరిపాటి.

ఈ చేపలను చింతపండు పులుసుగా వండుట ఎక్కువ. మామిడికాయల కాలంలో పుల్లని మామిడి ముక్కలు వేస్తారు. ముక్కలను ఉప్పు, పసుపుతో రుద్ది కడిగితే నీచువాసన పోతుంది. పులుసు మరిగిన తరువాతనే ముక్కలు వేసి, గరిటె పెట్టక పాత్రనే పట్టి కదపవలెను. లేనిచో ముక్క విరుగుతుంది. శీలావతి, ఎర్రమోసులలో కండ నడుమ సన్నని చీలిక ముళ్ళు ఉంటాయి గనుక పిల్లలకు పెట్టునపుడు జాగ్రత్త అవసరం. బొచ్చె తల పెద్దది. దానిని ప్రత్యేకంగా ఇష్టపడేవారున్నారు. రాగి సంకటితో చేపల పులుసు ఈ సీమ భోజనం. 1800లో బుకానన్ ఈ దారిన పోవునాటికే రాగి ఇక్కడి ముఖ్యమైన తిండిగింజ. ప్రక్కనున్న పులుసులోని చేప మాత్రం తరువాత వచ్చినది.

చివరి దినాలు, మరణము

స్వదేశం చేరిన తరువాత 1819లో నేపాల్ రాజ్యంపై గ్రంథాన్ని, 1822లో చేపల గ్రంథాన్ని ప్రచురించాడు. బుకానన్ వంశానికి పెద్దగా తన హక్కును నిరూపించుకొనుటకు కూడా కొంతకాలం వెచ్చించాడు. లండన్ రాయల్ సొసైటీలోను, లిన్నేయన్ సొసైటీలోను సభ్యుడుగా ఉన్నాడు. 1829 జూన్ 15న స్కాట్లాండులో మరణించాడు.

ఈయన జీవితకాలంలో భారతదేశపు చేపల గ్రంథానికి పెద్దగా ఆదరణ లభించలేదు. అయితే 1870 దశకంలో ఫ్రాన్సిస్ డే భారతీయ మత్స్యాలపై తన బృహద్గ్రంథాన్ని వ్రాయునపుడు హామిల్టన్ వర్ణనలనే ఆధారంగా తీసుకొన్నాడు. నేడు ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో దేశంలో ప్రథమ స్థానంలో ఉన్నది. అందులో అధికభాగం ఈయన పేరుపెట్టిన శీలావతి, బొచ్చెలదే.