తాపీ పట్టిన కెప్టెన్

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు పది కాలాలు నిలుస్తుంది. ఒబ్దులియో వారెలా పేరు నిలిచింది మాత్రం అందుకు కాదు. తమ మీద గోల్ పడ్డాక బంతిని చంకలో పెట్టుకుని మెల్లగా నడిచొచ్చినందుకు! 1950లో ప్రపంచకప్ గెలిచిన ఉరుగ్వే జట్టుకు అతనే కెప్టెన్. ఆడే చోటు మైదానం నడిబొడ్డు. అప్పట్లో సెంటర్ హాఫ్ అనేవారు, ఇప్పటి లెక్కలో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. ఎదుటి జట్టు దాడిని అక్కడే తుంచి, బంతిని తనవాళ్లకు అందించడం అతని పని.

పేపర్లు అమ్మిన కుర్రాడు

వారెలా 1917 సెప్టెంబరు 20న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పుట్టాడు. ఇంట్లో పేదరికం. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. వీధుల్లో పేపర్లు అమ్మాడు, చేతికందిన పనల్లా చేశాడు. పేరు చివర పెట్టుకున్న వారెలా తల్లి వైపు ఇంటిపేరు. ఆమె నల్లజాతి స్త్రీ. తర్వాత్తర్వాత జనం అతన్ని నల్ల నాయకుడని పిలుచుకున్నారు. ఆ పిలుపులో జాతి ఎంతుందో గౌరవమూ అంతే ఉంది.

1938లో మాంటెవిడియో వాండరర్స్ క్లబ్బులో చేరాడు. మరుసటి ఏడాదే దేశం జట్టులోకి వచ్చాడు. 1942లో దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1943లో దేశంలోకెల్లా పెద్ద క్లబ్బుల్లో ఒకటైన పెన్యారోల్‌కు మారి, ఆట మానేదాకా అక్కడే ఉన్నాడు. ఆ క్లబ్బుతో ఆరుసార్లు లీగ్ గెలిచాడు.

సమ్మె రోజులు

ఆ కాలంలో ఆటగాడంటే క్లబ్బు సొత్తు. క్లబ్బు వదిలితే తప్ప ఇంకో చోటికి పోవడానికి లేదు. ఇచ్చినంత పుచ్చుకోవాలి. దెబ్బ తగిలి మూలన పడితే అడిగే నాథుడు లేడు. ఉరుగ్వే ఆటగాళ్లు 1946లో సంఘం పెట్టుకున్నారు. యజమానులు దాన్ని గుర్తించలేదు. 1948 అక్టోబరులో ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ముందు నిలిచినవాళ్లలో వారెలా ఒకడు.

సమ్మె నెలల తరబడి సాగి 1949లోకి వెళ్లింది. జీతాల్లేవు. పేరున్న ఆటగాడు కాబట్టి వారెలా లోపాయికారీగా ఒప్పందం చేసుకుంటే గడిచిపోయేదే. అతను ఆ దారి పట్టలేదు. ఆ రోజుల్లో తాపీ పట్టుకుని కట్టుబడి పనికి వెళ్లాడని చెబుతారు. 1949లో బ్రెజిల్‌లో జరిగిన దక్షిణ అమెరికా పోటీలకు ఉరుగ్వే తన అసలు జట్టును పంపలేకపోయింది. వెళ్లిన కుర్రాళ్లు బ్రెజిల్ చేతిలో 5-1తో చిత్తయ్యారు. చివరికి యజమానులు దిగివచ్చారు. సంఘం నిలబడింది. జట్టులో వారెలా మాటకు తిరుగులేకుండా పోయింది కూడా అప్పట్నుంచే. ఆకలి రోజుల్లో పక్కన నిలబడ్డవాడి మాట ఎవరు కాదంటారు?

ఆ ఆదివారం

మరుసటి ఏడాదే బ్రెజిల్‌లో ప్రపంచకప్. ఆ పోటీలకు మన దేశానికీ అవకాశం వచ్చింది కానీ మన జట్టు వెళ్లలేదు. బూట్లు లేక వెళ్లలేదన్న కథ నేటికీ తిరుగుతోంది. నిజానికి మన ఫుట్‌బాల్ పెద్దలు ప్రపంచకప్ కన్నా ఒలింపిక్స్‌నే గొప్పగా చూసిన రోజులవి.

చివరి దశలో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి తలపడ్డాయి. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో ఊదిపారేసింది. ఉరుగ్వే మాత్రం పడుతూ లేస్తూ వచ్చింది. స్పెయిన్ మీద ఓటమి తప్పించి 2-2గా నిలిపింది వారెలా దూరం నుంచి కొట్టిన గోలే. స్వీడన్ మీద 3-2తో గట్టెక్కింది. ఇక చివరి మ్యాచ్‌లో బ్రెజిల్‌కు డ్రా అయినా చాలు, కప్పు వాళ్లదే. ఒకవైపు అయిదు కోట్ల జనాభా ఉన్న దేశం. ఇంకోవైపు బ్రెజిల్‌కూ అర్జెంటీనాకూ నడుమ ఇరుక్కున్న, పాతిక లక్షల మంది కూడా లేని దేశం.

1950 జులై 16, ఆదివారం. రియోలోని మరకానా స్టేడియంలో టికెట్ కొన్నవాళ్లే లక్షా 73 వేల మందికి పైగా. మొత్తం రెండు లక్షలంటారు. నాలుగు గోల్స్ తేడా లేకుండా ఓడితే పరువు దక్కినట్టేనని ఉరుగ్వే అధికారులే అనుకున్నారట. కోచ్ హువాన్ లోపెజ్ వెనక్కి తగ్గి గోల్ కాచుకోమని చెప్పాడు. ఆయన అటు వెళ్లగానే వారెలా జట్టును కూడగట్టి, అలా ఆడితే స్వీడన్, స్పెయిన్‌లకు పట్టిన గతే మనకూ పడుతుందని చెప్పాడంటారు.

మొదటి సగంలో ఎవరికీ గోల్ రాలేదు. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకే ఫ్రియాసా గోల్ కొట్టాడు. స్టేడియం దద్దరిల్లింది. అప్పుడు వారెలా నెట్లోంచి బంతి తీసుకుని చంకన పెట్టుకున్నాడు. తొందర లేదు. తాపీగా నడుచుకుంటూ వచ్చి, అది ఆఫ్‌సైడ్ అంటూ ఇంగ్లండ్ రిఫరీ జార్జ్ రీడర్‌తో వాదం పెట్టుకున్నాడు. భాష తెలియదు కాబట్టి దుబాసీ కావాలన్నాడు. గోల్ రద్దు కాదని అతనికీ తెలుసు. అతనికి కావాల్సింది కాస్త సమయం. సంబరం కాస్తా ఈలలుగా, తిట్లుగా మారింది. జనం కోపమంతా అతని మీదికి మళ్లింది. బ్రెజిల్ ఆటగాళ్ల ఊపు చల్లారింది. తనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాతే ఆట మొదలైందనుకోవాలి. 66వ నిమిషంలో స్కియాఫినో, 79వ నిమిషంలో గిగ్గియా గోల్స్ కొట్టారు. ఉరుగ్వే 2, బ్రెజిల్ 1. స్టేడియం మూగబోయింది. ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు జూల్స్ రిమే బ్రెజిల్ గెలుస్తుందని పోర్చుగీసులో ప్రసంగం కూడా సిద్ధం చేసుకొచ్చాడు. ఆ గందరగోళంలో సభా మర్యాదా ఏమీ లేకుండా కప్పు వారెలా చేతిలో పెట్టి చేయి కలిపాడు.

గెలిచిన రాత్రి

ఆ రాత్రి వారెలా అధికారుల విందుకు పోలేదు. రియో వీధుల్లోకి వెళ్లి బార్లలో కూర్చున్నాడు. చుట్టూ ఏడుస్తున్న బ్రెజిల్ జనం. మధ్యాహ్నం దాకా వాళ్లు అతనికి పగవాళ్లు. దగ్గరగా చూశాక జాలేసింది. తెల్లవార్లూ వాళ్లతోనే తాగాడు. ఇంతమందిని ఏడిపించి మనం సాధించిందేమిటని ఆ తర్వాత చాలా ఏళ్లపాటు బాధపడ్డాడంటారు. ఇంటికి తిరిగొచ్చాక కూడా మాంటెవిడియోలో స్వాగత సంబరాలకు చిక్కకుండా తప్పుకున్నాడట. బహుమతి డబ్బుతో 1931 మోడల్ ఫోర్డ్ కారు కొనుక్కుంటే వారానికే దొంగలు ఎత్తుకుపోయారని చెబుతారు.

ఆడినన్నాళ్లూ ఓడలేదు

1954లో స్విట్జర్లాండ్ ప్రపంచకప్‌కు వెళ్లేనాటికి అతనికి 36 ఏళ్లు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద గోల్ కొట్టి, అదే ఆటలో గాయపడ్డాడు. ఉరుగ్వే 4-2తో గెలిచింది. సెమీస్‌లో అతను లేడు. హంగేరీ చేతిలో అదనపు సమయంలో 4-2తో ఓడిపోయింది. ప్రపంచకప్ చరిత్రలో ఉరుగ్వేకు అదే తొలి ఓటమి. వారెలా మైదానంలో ఉండగా ఆ జట్టు ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

క్లబ్బు చొక్కాల మీద వ్యాపార ప్రకటన వేసినప్పుడు మిగతా పదిమందీ తొడుక్కున్నా తను మాత్రం ఒప్పుకోలేదట. ఎవరి సొత్తూ కానని సమ్మెనాడే తేల్చి చెప్పిన మనిషి కదా! 1955లో ఆట మానేశాక ఆర్భాటాలకు దూరంగానే బతికాడు. ఆస్తిపాస్తులేం కూడబెట్టలేదు. 1996 ఆగస్టు 2న మాంటెవిడియోలో కన్నుమూశాడు. అప్పటికి 78 ఏళ్లు. ప్రపంచకప్‌లు గెలిచిన కెప్టెన్లు చాలామందే ఉన్నారు. గెలిచిన రాత్రి ఓడినవాళ్ల పక్కన కూర్చున్న కెప్టెన్‌గా మాత్రం ఈ పేపర్లమ్మిన కుర్రాడినే ఉరుగ్వే, బ్రెజిల్ కూడా గుర్తుపెట్టుకున్నాయి.