బ్రౌను దొర తెలుఁగు వ్యాసంగము

ఆంగ్ల మతబోధకుని కుమారుఁడై 1798లో కలకత్తాలో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, 1817లో కుంపిణీ కొలువునకై చెన్నపట్టణము చేరెను. పరిపాలనకై నేర్చిన తెలుఁగే యాతని జీవితవ్రత మయ్యెను. కడపలో సొంత సొమ్ముతోఁ బండితులను పోషించి, చెదలు తినుచున్న తాళపత్రములకు శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించెను.

జనగామ సీమవా రీతని మఱువఁదగదు. పాలకుర్తి సోమనాథుని ద్విపదను పండితులు చిన్నచూపు చూచుచుండిన కాలమున, బసవపురాణమును శ్రద్ధతోఁ బఠించి, జంగముల మతాచారములను, వాఙ్మయమును గూర్చి 1840లో నొక వ్యాసము వెలువరించెను. 1855లో లండను చేరియు నీ వ్యాసంగమును విడువక, 1865లో నచటి విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు ఆచార్యుఁడై, 1884లో దివంగతుఁ డయ్యెను.

పరపాలనను మేము మెచ్చము. ఆ కొలువులోనివాఁడైనను బ్రౌను చేసిన భాషాసేవను మఱువము. ఆతఁడు సేకరించిన ప్రతులు పెక్కులు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నేఁటికిని నిలిచియున్నవి. మన యిండ్ల యటకలపైని ప్రతుల మాటయేమి? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల భూస్వాములును, పురప్రముఖులును తమ పెద్దల తాళపత్రములను వెదకి తీసి గ్రంథాలయములకు అప్పగింతురు గాక. పరుఁడు ధనము వెచ్చించి కాపాడిన సొత్తులో మిగిలినదానిని, వారసులమైన మనము చెదలకు విడుచుట న్యాయమా?