అమ్మమ్మ రిమోట్, టెస్లా పడవ

డొంకరాయిలో అమ్మమ్మకి టీవీ రిమోట్ బటన్లు నొక్కడం కష్టమైపోయింది. సెలవుల్లో వెళ్ళి, పవర్ బటన్ కింది రెండు కాంటాక్టులకి వైర్లు సోల్డర్ చేసి టోగుల్ స్విచ్ పెట్టా. బ్యాటరీలు రెండ్రోజుల్లో అయిపోయాయి! బటన్ వదిలితే సిగ్నల్ ఆగుతుంది. టోగుల్ వేస్తే అలాగే ఉండిపోతుంది, రిమోట్ పంపుతూనే ఉంటుంది.

ఈ చిక్కుని 1898లోనే దాటినవాడు నికోలా టెస్లా. 1856లో ఇప్పటి క్రొయేషియాలోని స్మిల్యాన్‌లో పుట్టాడు. 1884లో న్యూయార్క్ చేరాడు. 1888లో ఏసీ మోటార్‌కి పేటెంట్ తెచ్చుకున్నాడు. పదేళ్ళకి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీళ్ళతొట్టిలో ఒక చిన్న పడవని తీగల్లేకుండా నడిపి చూపించాడు. ఆయన చేతిలోని పెట్టెకి బటన్లు లేవు, తిప్పే పిడి ఉంది. సిగ్నల్ తగలగానే పడవలోని గొట్టంలో లోహపు పొడి కరెంటుని పోనిచ్చేది. పొడి అలాగే అతుక్కుపోతే తర్వాతి సిగ్నల్ తెలియదు. అందుకే ప్రతిసారీ గొట్టం తిరగబడి పొడి విడిపోయేలా చేశాడు.

చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు గానీ, కొనేవాళ్ళు రాలేదు. 1943 జనవరి 7న న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయాడు.

నేనూ చివరికి, వదిలితే వెనక్కొచ్చే స్ప్రింగ్ టోగుల్ వేశా. డొంకరాయి పవర్‌హౌస్‌లో పుట్టేది ఏసీ కరెంటే. దాంతో నడిచే టీవీని ఇప్పుడు అమ్మమ్మ అరచేత్తో ఒక్క తోపు తోసి ఆన్ చేసుకుంటోంది. టెస్లా ఎవరో ఆమెకి తెలీదు. ఈసారి వెళ్ళినప్పుడు చెప్పాలి.