ఎల్వీ ప్రసాద్: ఆ సినిమా మనిషికీ లైబీరియా కంటి ఆసుపత్రికీ ఏమిటి సంబంధం?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 మీదుగా పంజాగుట్ట వైపు వెళ్తుంటే ప్రసాద్ పేరు మీకు రెండుచోట్ల కనిపిస్తుంది. ఒకటి సినిమావాళ్ల ప్రెస్‌మీట్లు జరిగే ప్రసాద్ ల్యాబ్స్. రెండోది ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. రెండు పేర్లూ ఒక్కరివే. ఆ పేరున్న సంస్థ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా అనే చిన్న దేశంలోనూ పనిచేస్తోందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఎవరీ ప్రసాద్?

అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువు మీద కన్నా నాటకాల మీద ధ్యాస ఎక్కువ. చిన్న వయసులోనే పెళ్లయింది. ఇంటిని అప్పులు ముంచేశాయి. జేబులో 100 రూపాయలతో ఊరు విడిచి బొంబాయి రైలెక్కారు. అక్కడ దొరికిన పనల్లా చేశారు, సినిమా హాలు గేటు దగ్గర కాపలా కూడా కాశారు.

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా', తొలి తమిళ టాకీ 'కాళిదాస్', తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. ఈ మూడింటిలోనూ కనిపించిన నటుడాయన. తర్వాత దర్శకుడయ్యారు. 1949లో 'మన దేశం'తో ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశారు. 'షావుకారు', 'మిస్సమ్మ' గురించి మీకు చెప్పక్కర్లేదు. మద్రాసులో స్టూడియో, ల్యాబ్, హిందీలో హిట్లు, 1982కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు. 1981లో వచ్చిన 'అమావాస్య చంద్రుడు'లో తాత వేషం వేశారు. అది చూపులేని వయొలిన్ కళాకారుడి కథ. కాకతాళీయమే అనుకోండి.

5 ఎకరాలు, కోటి రూపాయలు

డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగొచ్చారు. హైదరాబాద్‌లో ప్రపంచస్థాయి కంటి ఆసుపత్రి పెట్టాలన్నది ఆయన ఆలోచన. దానికి ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆసుపత్రి మొదలైంది. ప్రసాద్ 1994 జూన్ 22న కన్నుమూశారు.

దానం పెద్దదే. కానీ దాంతో కట్టిన పద్ధతి ఇంకా పెద్దదని నాకనిపిస్తుంది. ఇది ప్రభుత్వ ఆసుపత్రి కాదు, లాభాపేక్ష లేని సంస్థ. కట్టగలిగినవారి ఫీజులు, దాతల విరాళాల మీద కట్టలేనివారి వైద్యం నడుస్తుంది. సగానికి పైగా సేవలు ఉచితం. ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలు ప్రతిదానికీ హైదరాబాద్ రావాల్సిన పనిలేదు. దాదాపు 50,000 మందికి ఒకటి చొప్పున ఉండే విజన్ సెంటర్‌లో, శిక్షణ పొందిన స్థానిక యువతే కళ్లు పరీక్షించి అద్దాలిస్తారు. శుక్లం ఆపరేషన్ అవసరమైతే దాదాపు 5 లక్షల జనాభాకు ఒకటిగా ఉండే గ్రామీణ ఆసుపత్రికి పంపుతారు. అలాంటి మొదటి ఆసుపత్రి 1996లో ముథోల్‌లో వచ్చింది. క్లిష్టమైన కేసులే నగరానికి వస్తాయి.

లైబీరియాకు ఎలా వెళ్లింది?

ఆ దేశ జనాభా సుమారు 50 లక్షలు. 2003 దాకా అంతర్యుద్ధం. 2014లో ఎబోలా. ఉన్న కొద్దిమంది వైద్యులు కూడా ఏమయ్యారో ఊహించుకోండి. కంటి చూపు సంగతి ఎవరికి పడుతుంది? కానీ చూపు పోయిన మనిషి ఒక్కడే పని మానడు. ఆయన చేయి పట్టుకుని నడిపించడానికి ఇంట్లో మరొకరు, చాలాసార్లు బడికెళ్లే పిల్లో పిల్లాడో, ఆగిపోతారు. పావుగంట, ఇరవై నిమిషాల శుక్లం ఆపరేషన్‌తో ఇద్దరూ తిరిగి పనికో బడికో వెళ్తారు. పేద దేశానికి కంటి వైద్యం ఆర్థికంగానూ కలిసొచ్చేది ఇందుకే.

2017లో రాజధాని మొన్రోవియాలోని జాన్ ఎఫ్ కెనడీ వైద్య కేంద్రంలో, అక్కడి ప్రభుత్వంతో కలిసి ఎల్వీ ప్రసాద్ సంస్థ లైబీరియా కంటి కేంద్రాన్ని ప్రారంభించింది. ఇక్కడి వైద్యులు అక్కడికి వెళ్లి పనిచేస్తారు, అక్కడివారు ఇక్కడ శిక్షణ పొందుతారు. నాలుగు రోజుల శిబిరం పెట్టి ఫొటోలు దిగి వచ్చేయడం కాదిది. ముథోల్‌లో చేసినట్టే, ఆ ఊరివాళ్లతోనే ఆసుపత్రి నడిపించడం. హైదరాబాద్ వైద్యుల అవసరం అక్కడ ఏటికేడు ఎంత తగ్గితే ఈ సాయం అంతగా పనిచేసినట్టు.