సగటునకు లొంగని కణములు: హోమీ భాభా

హోమీ జహంగీర్ భాభా పేరు వినినంతనే అణుశక్తి సంఘము, ట్రాంబే, 1956లో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరు స్మరణకు వచ్చును. ఆయన యౌవనమును ధారపోసిన విశ్వకిరణ పరిశోధనను గూర్చి మన విద్యార్థులలో ఎరిగినవారు తక్కువ. ఈ వ్యాసము ప్రధానముగ ఆ భాగమునకే పరిమితము.

1909 అక్టోబరు 30న బొంబాయిలో సంపన్న పార్శీ కుటుంబమున జన్మించిన భాభా 1927లో కేంబ్రిడ్జికి వెళ్లినారు. కుమారుడు ఇంజనీరై టాటా వారి ఉక్కు కర్మాగారమున చేరవలెనని తండ్రి కోరిక. తండ్రి మాట చెల్లించి 1930లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమశ్రేణి సాధించి, పిదప తమకు ప్రియమైన గణిత భౌతికశాస్త్రముల వైపు మరలినారు.

విశ్వకిరణములు వాయుమండలమున కణములను జల్లుగా కురిపించుట ఆనాడొక చిక్కుప్రశ్న. 1937లో భాభా, హైట్లరు కలసి దానిని విప్పినారు. శక్తిమంతమైన ఎలక్ట్రాను పరమాణు కేంద్రకము చెంతనుండి పోవునపుడు ఫోటానును వెలువరించును; ఆ ఫోటాను ఎలక్ట్రాను, పాజిట్రానుల జంటగా మారును; అవి మరల ఫోటానులను వెలువరించును. ఇట్లు ఒకటి పలువగును. శంషాబాదు నుండి లేచిన విమానము పది కిలోమీటర్ల ఎత్తు చేరునప్పటికి, నేలపై మనకు తగులు దానికన్న అనేక రెట్లు విశ్వకిరణ కణములు ప్రయాణికుల దేహముల గుండ పోవుచుండును. ఎవరికిని తెలియదు!

1939లో సెలవులకు స్వదేశము వచ్చిన భాభా, యుద్ధము వలన ఇచ్చటనే నిలిచి బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరినారు. 1945లో టాటా పరిశోధన సంస్థను స్థాపించినారు.

అసలు కష్టము ఇచ్చటనే ఉన్నది. ఒకే శక్తిగల పది ఎలక్ట్రానులు ఒకే మందముగల సీసపు పలకలో ప్రవేశించినను పది జల్లులలోని కణసంఖ్య ఒక్కటిగ నుండదు. సగటును, అనగా మన ఉర్దూ మిత్రులు ఔసత్ అనుదానిని, గణించుట సాధ్యమే. ఆ సగటు చుట్టు సంఖ్యలు ఎంత చెదరునో గణించుట కఠినము. తల్లి కణము తొలి అడుగుననే చీలినచో సంతతి యంతయు పెరుగును. ఆలస్యించినచో అంతయు తగ్గును. కావున కణములు పరస్పర సంబంధము లేనివని తలచి వేసిన లెక్క చాలదు.

1947లో తమ చెంత చేరిన అల్లాడి రామకృష్ణన్‌కు భాభా ఈ సమస్యనే అప్పగించినారు. ఈయన తండ్రి, నెల్లూరు జిల్లా పుదూరున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులు. రెండు వేర్వేరు శక్తుల వద్ద ఒకేసారి కణములుండు సంభావ్యతను గణించు మార్గమున గురుశిష్యులిరువురి పత్రములు 1950లో వేరువేరుగ వెలువడినవి. గురువు ఎంతటి ప్రఖ్యాతులైనను, ప్రోడక్ట్ డెన్సిటీ అను ఆ పద్ధతి నేడు శిష్యుని పేరుతోను ముడిపడియున్నది. ఇది నాకు ముచ్చట గొలుపు విషయము.

కేంద్రకములు ఢీకొను వేళ ఈ చెదరు మరింత జటిలము. జెనీవా, బ్రూక్‌హేవెన్ యంత్రములలో సీసపు, బంగారపు కేంద్రకములను తాకించి, ఒక్కొక్క తాకిడిలో పుట్టు కణముల సంఖ్య ఎట్లు మారుచున్నదో కొలిచినారు. క్వార్కుల ద్రవము సాధారణ కణములుగ మారు సంధిస్థానమును ఆ హెచ్చుతగ్గులు పట్టియీయగలవని శాస్త్రజ్ఞుల ఆశ.

1966 జనవరి 24న మోఁబ్లాఁ పర్వతముపై కూలిన ఎయిరిండియా విమానములో భాభా మరణించినారు. ఆయన సంస్థ మన హైదరాబాదున బెలూను కేంద్రమును నడుపుచున్నది. భూమి అయస్కాంత మధ్యరేఖకు చేరువయగుటచే ఇచ్చట తక్కువ శక్తిగల కణములు మరలిపోయి, మహాశక్తిగల విశ్వకిరణములే పైనుండి దిగివచ్చును.